మోకాళ్ళ మొక్కు

సోమిదేవయ్యగారికి ఒక అలవాటుంది. శిష్యుడు ప్రశ్న అడిగితే ఆయన పని చెబుతారు. కషాయం ఎందుకు చేదెక్కిందండీ అంటే, ముందు ఆ కుండ తోమమంటారు. తోమేలోపు అడిగినవాడు ప్రశ్న మరిచిపోవచ్చు, జవాబే తట్టవచ్చు. ఏదైనా ఆయనకు నష్టం లేదు, కుండ శుభ్రపడుతుంది. ఆయన దగ్గర సందేహాలెక్కువైతే నడుం విరుగుతుందని ఊళ్ళో ఒక వేళాకోళం.

బడిపంతులు ఉద్యోగం మానుకుని వైద్యం నేర్చుకోవడానికి వచ్చిన వల్లభుడు, ఆ సంగతి తెలిసీ ఒకనాటి ఉదయం అడగలేక అడగలేక అడిగాడు.

"గురువుగారూ, సంధివాతంలో అరిగిన కీలు మళ్ళీ రాదని మీరే అంటారు. రానిదానికి ఈ ఆకులూ ఈ నూనెలూ ఎందుకండీ? రోగిని మభ్యపెడుతున్నామేమోనని నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు."

"పెంచలమ్మ వచ్చే వేళైంది. వావిలాకు కోసుకురా," అన్నారాయన. "కొమ్మంతా దూసెయ్యకు. చెట్టుకు కూడా రేపుంటుంది."

వల్లభుడు బుట్ట తీసుకుని గొణుక్కుంటూ దొడ్లోకి వెళ్ళాడు.

పెంచలమ్మది తుంగచాపలు అల్లే ఇల్లు. నేల మీద దారాలు బిగించి, గొంతుక్కూర్చుని, తుంగపుల్ల దూర్చి చెక్కతో కొడుతూ ముందుకు జరుగుతూ పోవాలి. పెళ్ళైన నాటినుంచీ ఆమె అలాగే జరుగుతూ వచ్చింది. కిందటి వానాకాలం ఒకరోజు చాప పూర్తయింది గానీ ఆమె లేవలేకపోయింది. కోడలూ కొడుకూ చెరో రెక్కా పట్టుకుని లేపారు. పట్నం ఆసుపత్రిలో ఫొటో తీసి, రెండు మోకీళ్ళలోనూ, ఎడమదాంట్లో మరీ ఎక్కువగా, ఎముకల మధ్య మెత్త అరిగిపోయిందన్నారు. వాళ్ళిచ్చిన బిళ్ళలు నొప్పి తగ్గించాయి గానీ కడుపులో మంట పెట్టాయి. అప్పుడు వచ్చింది ఈయన దగ్గరికి.

సోమిదేవయ్యగారు ఆమెకు ఏదీ దాచలేదు. "అరిగింది నేను తేలేనమ్మా. ఉన్నదాన్ని కాపాడుకుందాం," అన్నారు. వావిలాకు కాచిన నీళ్ళతో కాపడం. అదే ఆకూ వెల్లుల్లీ వేసి మరిగించిన నువ్వులనూనె మర్దనా. ఆముదపాకు వెచ్చజేసి కట్టు. వారంలో రెండు మూడుసార్లు నల్లేరు పచ్చడి. ఇవన్నీ చెప్పి, కొడుకును పిలిపించి, అల్లే చట్రాన్ని నేల మీదినుంచి బల్ల ఎత్తుకు లేపించారు. బెంచీ మీద కూర్చుని కాలు చాచి, కాసేపు నిలిపి, మళ్ళీ దించమన్నారు. పెంచలమ్మ ఆకునూ నూనెనూ నమ్మింది గానీ, ఈ కాలు చాచడం ఏం వైద్యమో ఆమెకు ఎంతకీ అర్థం కాలేదు. అయినా పెద్దయ్య చెప్పాడని రోజూ చాచింది.

ఆ రోజు ఆమె చేతికర్ర లేకుండా వచ్చింది. చంకలో కొత్త చాప, మొహం నిండా సంతోషం.

"పెద్దయ్యా, ఈ పొద్దు పొయ్యి కాడినించి నేనే లేచా. గోడ పట్టుకోలా, కోడలి చెయ్యి పట్టుకోలా. అది గరిటె పట్టుకుని నన్నే చూస్తా నిలబడిపొయ్యింది. కూర మాడింది కూడా." చాప ఆయన ముందు పరిచి, కళ్ళు తుడుచుకుంది. "నీ రుణం ఈ జన్మలో తీరేది కాదు. కొండసామి రుణమన్నా శనివారం తీర్చుకుంటా. నా మోకాళ్ళు నాకియ్యి సామీ, మోకాళ్ళ మీద నీ మెట్లెక్కి వస్తా అని మొక్కుకోనుండా."

కాపడానికి వావిలాకు నీళ్ళలో గుడ్డ ముంచుతున్న వల్లభుడి చెయ్యి ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఇది కూర్చున్న కొమ్మను నరుక్కోవడం. ఆ రాతిమెట్ల మీద మోకాళ్ళతో పాకితే ఇన్నాళ్ళు పడ్డ పాటంతా గంగపాలు. ఈసారి పడకేస్తే లేవవు. మొక్కూ లేదు గిక్కూ లేదు, మానెయ్యి."

పెంచలమ్మ మొహం మాడిపోయింది. "రోట్లో తలబెట్టి రోకటిపోటుకు భయపడితే ఎట్ట చిన్నయ్యా?" అని, గొంతు తగ్గించి చెప్పింది. "మా అమ్మ ఆ సామికి మొక్కి మరిచిపొయ్యింది. ఆ యేడే మా నాయన పొయ్యాడు. ఊరు ఊరంతా మా అమ్మనే అనింది. చచ్చిందాకా ఆమె కొండ దిక్కు తలెత్తి చూళ్ళా. నాకా బతుకు వద్దు. కాళ్ళు పోతే పోనీ."

వల్లభుడు గురువుగారి వైపు చూశాడు. ఆయనైనా గట్టిగా చెబుతారనుకున్నాడు.

"మొక్కు మొక్కేనమ్మా," అన్నారు సోమిదేవయ్యగారు. "శనివారం నేనూ వస్తాను. ఈ చాప కూడా తెస్తాను."

ఆమె సంబరంగా వెళ్ళిపోయింది. వల్లభుడు మాత్రం శనివారం దాకా గురువుగారితో ముక్తసరిగా మాట్లాడాడు. మందిచ్చిన చేత్తోనే గొయ్యి తవ్వుతున్నారని అతనికి లోపల ఒకటే మంట. దానికి తగ్గట్టు ఆయన కూడా ఆ మూడు రోజులూ అతనిచేత నూనె వడకట్టిస్తూనే ఉన్నారు.

కొండ చిన్నదే గానీ మెట్లు పాతవి, అంచులు లేచిన రాళ్ళు. పొద్దున్నే పెంచలమ్మ తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని కొడుకుతో వచ్చింది. మొదటి మెట్టు ముందు కొబ్బరికాయ కొట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని వంగబోయింది.

"అమ్మా, ఒక్క మాట," అన్నారు సోమిదేవయ్యగారు. "నీకు అన్నదమ్ములున్నారా?"

"ఉండాడు పెద్దయ్యా. మా అన్న."

"చీర పెడతాడా?"

"ఏటా పెడతాడు. ఇదీ ఆయన పెట్టిందే."

"మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళేటప్పుడు ఆ చీర ఏం చేస్తావు?"

"కట్టుకోని పోతా. చూసి మురిసిపోతాడు, పిచ్చి మారాజు."

"మంచి చీర పెట్టాడు కదా అని, దాంతోనే వాళ్ళ గడప తుడిచి రావు కదా?"

పెంచలమ్మ నవ్వబోయి ఆగిపోయింది. చీర కొంగు చేతిలోకి తీసుకుని చూసుకుంది. తర్వాత తన మోకాళ్ళకేసి చూసుకుంది.

"మరి నేనిచ్చిన మాటో పెద్దయ్యా?"

"మాట ఇచ్చింది నాకు కాదు. పుచ్చుకున్నవాడు పైనున్నాడు, ఆయన్నే అడుగు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఎక్కేవాళ్ళు పక్కనుంచి గోవిందా అంటూ ఎక్కిపోతున్నారు. ఏ నిమిషాన ఆమె పాకడం మొదలుపెడుతుందోనని వల్లభుడు ఆమె మోకాళ్ళకేసే చూస్తున్నాడు.

చాలాసేపటికి కళ్ళు తెరిచి, "పెద్దయ్యా, ఆ చాప ఇట్టియ్యి," అంది. తను అల్లిన చాపను నాలుగు మడతలు పెట్టి మొదటి మెట్టు మీద వేసింది. దాని మీద రెండు మోకాళ్ళూ ఆనించి, పై మెట్టుకు నుదురు తాకించింది. కొడుకు చెయ్యి అందించబోతే వద్దంది. మెల్లగా, పళ్ళు బిగించి, తనంతట తనే లేచి నిలబడింది.

"చూడు సామీ," అంది కొండకేసి తలెత్తి. "నువ్విచ్చినవి ఇట్టుండాయి. మిగతా దోవ వాటితోనే నడిచొస్తా."

ఆ మాటకు వల్లభుడు కళ్ళు తుడుచుకున్నాడు. పరుగున వెళ్ళి, "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పెట్టు పెద్దమ్మా, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు," అని గుర్తు చేశాడు. ఆమె ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి కొడుకు భుజం మీద వేసి, మలుపు మలుపుకూ కూర్చుని లేస్తూ ఎక్కింది. మడతచాప వల్లభుడి నెత్తినెక్కింది. సోమిదేవయ్యగారు కిందే చింతచెట్టు నీడన కూర్చున్నారు.

మధ్యాహ్నానికి దిగివచ్చారు. పెంచలమ్మ ప్రసాదం తెచ్చి, ముందుగా ఆయన చేతిలో పెట్టింది.

"నొప్పుందా తల్లీ?"

"ఉంది పెద్దయ్యా. నాతోపాటే ఎక్కింది, నాతోపాటే దిగింది. ఉండనీ. మా అమ్మ పేరు కూడా చెప్పి దణ్ణం పెట్టుకోనొచ్చా."

రెండు రోజులు కాలు ఎత్తు మీద పెట్టుకోమనీ, పొద్దుటా సాయంత్రం కాపడం పెట్టుకోమనీ ఆయన చెప్పారు. ఆమె సరేనని, కొండకేసి తలెత్తి మరోసారి చూసి, బస్సు వైపు నడిచింది.

వల్లభుడు చాప దించి, చెమట తుడుచుకున్నాడు.

"గురువుగారూ, ఆ రోజు నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు."

సోమిదేవయ్యగారు ప్రసాదం కళ్ళకద్దుకుని, బస్సెక్కుతున్న పెంచలమ్మను చూశారు. కండక్టరు చెయ్యందించేలోపే ఆమె మంచి కాలు మెట్టు మీద పెట్టింది.

"అరిగింది రాలేదు నాయనా," అన్నారు. "ఆవిడ తిరిగొచ్చింది."