జపాను తెరలో ఓడవాళ్ళు

రేవు అధికారి సూరపరాజు కచేరీలో జపాను నుంచి వచ్చిన మడత తెర ఒకటుండేది. ఆరు పలకల కాగితం మీద బంగారు మబ్బులు, వాటి కింద సరుకుల ఓడ, దాని నిండా పొడుగు ముక్కుల నావికులు. బేరానికొచ్చిన నేతగాళ్ళను ఆ తెర ముందు కూర్చోబెట్టి, "మీలో మీరు మాట్లాడుకోండి" అని అతను బయటికి వెళ్ళేవాడు. తిరిగొచ్చేసరికి వాళ్ళ మనసులో మాటంతా అతనికి తెలిసిపోయేది. పాపం, వాళ్ళు అయినకాడికి అమ్ముకుని పోయేవారు.

ఆ రోజు మొగుడితో వచ్చిన నూకాలు బొమ్మను వింతగా చూస్తూ ఉండిపోయింది. బయట ఆకు కదలడం లేదు. అయినా ఓడ తెరచాప ఊగింది.

ఆమె గుసగుసగానే, గదంతా వినబడేలా అంది: "మావా, మూడో మూటలో పంచెలకి చిమట కొట్టిందని ఆయనకి చెప్పకు."

సూరపరాజు వస్తూనే ఇరవై మూటల్లో మూడోదే విప్పించాడు. అడుగుదాకా వెతికినా ఒక్క చిల్లు లేదు.

"దీన్నే విప్పించారేం బాబూ?" అంది నూకాలు. "నేనా మాట అన్నప్పుడు మా మావ, ఈ ఓడవాళ్ళు తప్ప ఇక్కడెవరూ లేరు. వీళ్ళకి తెలుగెప్పుడొచ్చిందో, తెర కాస్త మడిచి అడుగుదామా?"

సూరపరాజు గబుక్కున తెరకు అడ్డం నిలబడి, ఆమె అడిగిన ధరకే సరుకంతా తీసుకున్నాడు.

మొగుడూ పెళ్ళాం లేచి గుమ్మందాకా వెళ్ళారు. ఓడలో ఎవరో తుమ్మారు.

నూకాలు వెనక్కి వచ్చి తెర ముందే చతికిలబడింది.

"బయల్దేరుతుంటే తుమ్ము పడింది బాబూ. కాసేపు కూర్చుని వెళ్తాం."