దస్తగిరమ్మ నమాజు బొంత

అనగా అనగా, పత్తి పండే ఒక నల్లరేగడి ఊళ్ళో దస్తగిరమ్మ ఉండేదిరా కన్నా. పరుపులకి దూది ఏకడం ఆమె పని. దూదేకే విల్లు మీటిందంటే గడ్డకట్టిన పత్తి కూడా మల్లెల్లా విచ్చుకునేది.

అప్పుడు ఊళ్ళోకి స్పాంజి పరుపులొచ్చాయి. మూడు నెలలు ఆమెని పిలిచినవాళ్ళే లేరు.

"ఆ విల్లు పాతసామాన్లవాడికిచ్చేసి నాతో మిల్లుకి రావే," అన్నాడు మొగుడు మౌలాలి.

"రంజాను దాకా ఆగవయ్యా. అప్పటికీ దారి దొరక్కపోతే నేనే ఇచ్చేస్తా," అంది.

ఒకరోజు నమాజులో మోకాళ్ళు వంచితే గచ్చునేల ఒరుసుకుని ప్రాణం పోయినంత పనైంది. 'నాకే ఇట్లా ఉంటే ముసలాళ్ళ గతేంటి అల్లా!' అనుకుంది. అనుకుందో లేదో, వెతికే దారి మోకాళ్ళ కిందే కనిపించింది!

ఆ తర్వాత దూది నిండా కూరి, నమాజు చేసుకునే బొంతలు కుట్టింది. పదిళ్ళవాళ్ళు ఎగబడి కొన్నారు.

అప్పుడు, కొన్నవాళ్ళలో ఒకడైన ఖాదర్‌వలీ తాత వచ్చాడు. కీళ్ళనొప్పులతో ఏడాదిగా కుర్చీలోనే నమాజు చేస్తున్నాడాయన.

"అమ్మాయ్, మోకాళ్ళకి హాయిగానే ఉంది. కానీ సజ్దాలో సాగిలపడ్డప్పుడు నుదురు నేలకి గట్టిగా ఆనాలి కదా? నీ దూదిలో ముక్కుదాకా మునిగిపోయా! నమాజు చేశానో, పడుకున్నానో!"

దస్తగిరమ్మ నాలిక్కరుచుకుంది.

"అడిగింది తాత ఒక్కడే. ఊరుకోరాదూ?" అన్నాడు మౌలాలి.

"వంక దాచి అమ్మి తిన్న కూడు హలాలవుతుందా?" అంది. పదిళ్ళకీ వెళ్ళి, తప్పు తనే చెప్పి, బొంతలన్నీ వెనక్కి తెచ్చుకుంది.

రెండోసారి దూది పల్చగా పరిచింది. నుదురు ఆనింది, మోకాళ్ళు ఏడ్చాయి.

మూడోసారి ముందు తనే సజ్దా చేసి, మోకాళ్ళెక్కడ, నుదురెక్కడ అని సుద్దముక్కతో గీసుకుంది. మోకాళ్ళ దగ్గర దట్టంగా దూది పెట్టింది. నుదుటి దగ్గర ఉత్త గుడ్డే.

తాత ఆమె వసారాలోనే పరిచి చూశాడు. ఒంగాడు. నుదురు ఆనింది. ఎంతకీ లేవడే! నొప్పి కాదురా, సంతోషం.

ఆ తర్వాత, రంజాను నెలవంక పొడవకముందే, మూడూళ్ళ జనం బొంతల కోసం వాకిట్లో కూచున్నారు. మౌలాలి మిల్లు మానేసి సూదిలో దారం ఎక్కించేవాడు.

"ఏ కంపెనీదయ్యా ఇది?" అని ఎవరైనా అడిగితే మీసం దువ్వి, "మా ఆవిడ కంపెనీ!" అనేవాడు.

దూది ఎగిరె మబ్బుల్లోకి,
కథ నడిచె కంచిలోకి,
నువ్వు రా నా దుప్పట్లోకి!