పదకొండు ఖాళీ వరసలు

సమత అడిగిన ప్రశ్న ఇది: "మాస్టారూ, జ్ఞానానికి తాళం వేసినవాడు దొంగ అన్నాం. మన తాళాలన్నీ మనమే తీసిపెట్టాం. మరి జనం లోపలికి ఎందుకు రావడం లేదు?"

ప్రశ్న వచ్చిన రోజునే జవాబు చెప్పడం దేవసహాయం మాస్టారికి అలవాటు లేదు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక మా పదిమందినీ చేరదీసి ‘మూట’ను నడిపిస్తున్న మనిషి ఆయన. మూట అంటే కంప్యూటరుకు కావలసిన ప్రోగ్రాములను తెచ్చి, అమర్చి, పాతబడ్డవాటి స్థానంలో కొత్తవి వేసే పనిముట్టు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. మూడో కూర్పు నుంచి నాలుగో కూర్పుకు ఎలా మారాలో మెట్టు మెట్టుగా తెలుగులో ఒక పేజీ రాసి నెట్‌లో పెట్టింది మా పదిమందిలో ఒకతె అయిన సమతే. ఆ పేజీ నెత్తిన "సాఫ్ట్‌వేర్ ప్రజల సొత్తు" అని పెద్ద అక్షరాలతో పెట్టింది. ఆ మాట నిజమని నేను ఇప్పటికీ పోట్లాడతాను. కాని ఆ ప్రజలెవరో అప్పటికి మాలో ఒక్కరమూ చూడలేదు.

మాస్టారు ఫోన్ తీసి ఒక ఉత్తరం చూపించారు. అది పేజీ అడుగున ఇచ్చిన చిరునామాకు వచ్చింది. "ఐదో మెట్టు కాడ ఆగిపోనాను. మిగతాది మామూలే అని రాసినారు. మామూలు అంటే ఏటండి? ఇట్లు నూకరత్నం, కెరటం రేడియో." దాని కింద సమత పంపిన జవాబు ఉంది: "పేజీ అంతా ఒకసారి చదవండి."

"రేపు బస్సెక్కుదాం" అన్నారు మాస్టారు. నేనూ వాళ్ళతో వెళ్ళాను.

కెరటం అంటే జాలర్ల సంఘం వాళ్ళు నడిపే ఒంటిగది రేడియో. కిటికీ బయట చేపలు ఎండుతున్నాయి. నూకరత్నం ఏడో తరగతి దాకా చదివింది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆవిడ చదివే సముద్రం కబురు విని, మర్నాడు తెల్లవారి పడవ దించాలో వద్దో ఊరు తేల్చుకుంటుంది. ఆ కబురు వాతావరణ ఆఫీసు నుంచి ఆ గదిలో ఉన్న కంప్యూటరులోకే వస్తుంది. మూట పాత కూర్పుకు ఆ రోజే ఆఖరు. మారకపోతే మర్నాటి నుంచి కబురు రాదు. మారబోయి సగంలో చెడితే ఆ పూటే రాదు.

కంప్యూటరునే మారుస్తున్నప్పుడు అందులో పేజీ చూడటం కుదరదని, ఆవిడ పేజీ మొత్తాన్నీ చేత్తో నోటుబుక్కులోకి ఎత్తి రాసుకుంది. కామాలతో సహా దించింది. సమత నినాదాన్ని ఎర్ర పెన్నుతో రాసి, దానికి ఒకటో నంబరు వేసింది.

"ఇది కూడా కొట్టాలేటి పాపా?"

సమత నవ్వబోయి ఆగింది. ఐదో మెట్టు దగ్గర "పాతవి తీసేయండి, మిగతాది మామూలే" అని ఉంది. ఆ కింద పదకొండు వరసలు ఖాళీగా ఉన్నాయి. వాటి తర్వాత ఆరో మెట్టు మళ్ళీ వరసగా మొదలైంది.

"ఇవెందుకు వదిలారక్కా?"

"మీరు రాయడం మరిసిపోనారని. గురుతొచ్చినాక రాత్తారని."

సమత కీబోర్డు దగ్గరికి కుర్చీ లాక్కుంది. "లేవండక్కా, ఐదు నిమిషాల పని. నేను చేసేస్తాను."

"రేపు నువ్వు ఇక్కడ ఉండవు" అన్నారు మాస్టారు. 

సమత నేల మీద కూర్చుని ఆ ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. ఒక్కో వరసకూ నూకరత్నం అడ్డుపడింది. ఇది కొడితే తెర మీద ఏటి కనపడతాది? ఎంతసేపు ఆగాల? అవునా కాదా అని అడిగితే ఏటి చెప్పాల? సమత మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాసింది. వెయ్యి పేజీల వాదాలు నోటికి వచ్చిన ఆ పిల్లకు, తాను రోజూ చేసే పని మాటల్లో పెట్టేసరికి చెమటలు పట్టాయి. తొమ్మిది వరసలయ్యాక నూకరత్నం మొత్తం పైకి చదివి, కుర్చీలో కూర్చుని, రాసింది రాసినట్టు ఒక్కో మెట్టే కొట్టింది. మూడూ నలభైకి కొత్త మూట లేచింది. కబురు వచ్చింది.

అందులో ఉన్నది ఒక్క వాక్యమే: సముద్రం మామూలుగా ఉంటుంది. దాన్ని చూసి ఆవిడ రేవులో ముగ్గురికి ఫోన్ చేసి గాలి, కెరటం సంగతి అడిగింది. నాలుగింటికి మైకు ముందు కూర్చుంది.

"రేపు తెల్లారి ఏరు కలిసే మొగ కాడ కెరటం నడుం లోతు. తూరుపు గాలి, పొద్దెక్కితే పెరుగుతాది. దీపస్తంభం దాటి పోవద్దు. చిన్న తెప్పలోళ్ళు పది లోపల తిరిగొచ్చీండి."

ఆ మాటలే రెండోసారి కూడా చదివింది. బయట ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు చేతులు ఆపి నిలబడ్డారు. గుళ్ళలోనూ సభల్లోనూ జనం ఊరకుండటం చూశాను. ఒక మాట మీద ఇంతమంది ప్రాణం పెట్టుకుని వినడం మాత్రం అదే మొదటిసారి చూడటం. 

మైకు కట్టేశాక సమత అడిగింది: "వచ్చింది ఒక్క వాక్యమే కదక్కా?"

"నాలుగేళ్ళ కిందట దాన్ని వచ్చినది వచ్చినట్టే సదివినాను, సముద్రం మామూలే అని. మా మరిది ఆడి మామూలు సొప్పున దీపస్తంభం దాటి ఎల్లిపోనాడు." నూకరత్నం నోటుబుక్కు మూసి సొరుగులో పెట్టింది. "టీ తాగి ఎల్లండి."

 తిరుగు బస్సులో ఊరు దగ్గర పడుతుండగా సమత అంది: "ఇవాళ రాసింది పేజీలో పెట్టేస్తాను మాస్టారూ. ఇక అయిపోయినట్టే కదా?"

మాస్టారు కిటికీలోంచి చూస్తున్నారు.

"ఆవిడ పదకొండు వరసలు వదిలిందమ్మా" అన్నారు. "నువ్వు తొమ్మిదే నింపావు."