నేతవీధి నీళ్లు

గొప్ప విద్యాపీఠం ఉన్న ఒక రాజధానిలో నేతవీధిని విషజ్వరం పట్టుకుంది. బావి నీళ్ల వల్లేనని మంత్రసాని నూకాలమ్మ మొత్తుకుంది. విద్యాపీఠం వైద్యాచార్యుడు భవనాథుడు మాత్రం, "నీళ్లు శుద్ధమైనవే. ఆ జనానికే శుభ్రత లేదు" అని రాజుకు చెప్పాడు.

రోజుకొకరు మంచాన పడుతుంటే నూకాలమ్మకు కాలు నిలవలేదు. చెంబు పట్టుకుని సభకే వెళ్లింది.

"నేతవీధి బావి నీళ్లు, ఆచార్యులవారూ! రాజుగారి ముందు ఒక్క గుక్క తాగండి. మావాళ్ల భయం తీరుతుంది."

భవనాథుడు చెంబును పెదాల దాకా తెచ్చి, కింద పెట్టేశాడు. "నాకిప్పుడు దాహం లేదు."

"అవి మీ పెరటి బావి నీళ్లే బాబూ" అంది నూకాలమ్మ. "నేతవీధివి అనగానే మీరు తాగలేకపోయారు. మా పిల్లలు రోజూ ఆ నీళ్లే తాగుతున్నారు."

రాజు ఆ పూటే పాత బావి మూయించాడు. కొత్తది తవ్వేదాకా నేతవీధి వాళ్లంతా భవనాథుడి పెరట్లోనే నీళ్లు తోడుకున్నారు.