పేరు లేని సైకిలు

ఒకానొక రాజ్యంలో ఏనుగులకంటే, గుర్రాలకంటే సైకిలుకే మర్యాద ఎక్కువ. రాజుల కాలంలో సైకిళ్ళెక్కడివని అడక్కండి. కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవు అన్నారు పెద్దలు. ఈ కథకు చక్రాలున్నాయి, అంతే.

ఆ రాజ్యం మేరుపురం. ఏలేవాడు గజకేతు మహారాజు. మనసు మంచిదే గానీ పేరంటే పడిచచ్చేవాడు. ఆయన తుమ్మితే వందిమాగధులు వెంటనే "శ్రీమద్రాజాధిరాజ, రణరంగభైరవ, వైరిగజసింహ" అంటూ ఎత్తుకునేవారు. బిరుదులన్నీ ముగించి "చిరంజీవ" అనేసరికి రెండో తుమ్ము వచ్చేది.

ఆయన కొలువులో విస్సన్న అనే చమత్కారి ఉండేవాడు. విస్సన్న చెప్పిందే వేదమని ఊరంతా అనుకునేవారు. రాజుగారికి ఆ మాట గిట్టేది కాదు. "వేదం చెప్పడానికి మేముండగా మధ్యలో విస్సన్న ఎవడు?" అనేవాడు.

ఒకనాడు గంగులు అనే మంత్రసాని కొలువుకు వచ్చింది. మేరుపురం వెనక కొండల మీద పల్లెలున్నాయి. అక్కడ ఏ ఇంట్లో పురుడొచ్చినా గంగులూ, ఆమె తోటి మంత్రసానులూ నడిచే వెళ్ళాలి.

"మారాజా, నొప్పులు మొదలైనాయని కబురొస్తాది" అంది గంగులు. "నేను కొండెక్కేతలికి ఒక్కోపాలి బిడ్డ ఏడుపు ఇనబడతాది. ఒక్కోపాలి ఇంటోళ్ళ ఏడుపు ఇనబడతాది. కొండదాకా రాచబాట ఏయించినావు, సల్లంగుండాల. ఆ బాట మీద పోడానికి మాకు తలో సైకిలు ఇప్పించు. తొక్కడం నేర్సుకున్నాం, మోకాళ్ళు సూడు ఎట్టా సీరుకుపోయినాయో."

రాజుగారి కళ్ళు చెమర్చాయి.

"ఇస్తాం!" అన్నాడాయన. "అయితే రాజు ఎక్కి చూడని బండిని ప్రజలు ఎక్కరాదని మా ఆచారం. ముందు మేము చూసి ఎంచుతాం. మేము ఎంచిన బండే మీ అందరికీను."

మర్నాడు రెండు సైకిళ్ళు సభకు వచ్చాయి.

మొదటిది పట్నం వర్తకుడు తెచ్చిన మార్తాండ. దేశదేశాల్లో పేరుమోసిన బండి. సన్నటి చక్రాలు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన పిడులు, నడిమి గొట్టం మీద బంగారు రంగు అక్షరాలతో "మార్తాండ" అని రాత. వర్తకుడు దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, చక్రాన్ని ఒక్కసారి తిప్పి వదిలాడు. అతను తాంబూలం చుట్టుకుని, నోట్లో వేసుకుని, తీరిగ్గా నమిలి ముగించేదాకా అది తిరుగుతూనే ఉంది. చిన్న చప్పుడైనా లేదు. సభలో పెద్దలు తమకు తెలియకుండానే లేచి నుంచున్నారు. ఎందుకు దాచాలి, అలాంటి వస్తువును చూస్తే నాకైనా దణ్ణం పెట్టబుద్ధవుతుంది.

రెండోది కమ్మరివీధి ఓబన్న చేసిన బండి. చక్రాలు అలాంటివే, పిడులు అలాంటివే. బరువు కాస్త ఎక్కువ, వెల చాలా తక్కువ. నడిమి గొట్టం మాత్రం బోసిగా ఉంది. ఓబన్న కూడా చక్రం తిప్పాడు. అదీ చాలాసేపే తిరిగింది గానీ అప్పటికి ఎవరూ చూడటం లేదు.

"దీని పేరేమిటి?" అని రాజు అడిగాడు.

"పేరేం లేదు ప్రభూ. ఊళ్ళోవాళ్ళు ఉత్తినే బండి అంటారు."

"పేరు లేనిదాని మీద మేమెక్కాలా? మార్తాండే మాకు తగిన బండి!"

కోశాధికారి వేళ్ళ మీద లెక్క వేశాడు. ఓబన్న బండైతే మంత్రసానులందరికీ ఇవ్వవచ్చు. మార్తాండైతే మహారాజుకొకటి, మహామంత్రికొకటి కొనేసరికి బొక్కసం అడుగు కనిపిస్తుంది. ఆ మాటే నసుగుతూ విన్నవించాడు.

"అయితే మంత్రసానుల సంగతి వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు రాజు.

గంగులు తలెత్తింది. "వచ్చే ఏటి బిడ్డలకి వచ్చే ఏడు సూడొచ్చు మారాజా. ఈ నెల బిడ్డలకో?"

గంగులు పమిట చెంగుతో మొహం తుడుచుకుని వెనుదిరిగింది. గుమ్మం దగ్గర విస్సన్న ఆమెకు అడ్డొచ్చి, "ఉండమ్మా, ఊరేగింపు చూసి వెళుదువుగాని" అన్నాడు మెల్లగా. తరవాత రాజువైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, కొనేముందు తమరొకసారి మార్తాండ ఎక్కి రాచబాట మీద దర్శనమివ్వాలి. ప్రజలు తరించవద్దూ?"

రాజు పొంగిపోయాడు. ఊరేగింపు ఏర్పాట్లన్నీ విస్సన్నకే అప్పగించాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అంతకు కొన్నాళ్ళ ముందు ఇద్దరు తోడికోడళ్ళు ఒక ఇత్తడి గంగాళం కోసం జుట్లు పట్టుకుని కొలువుదాకా వచ్చారు. పుట్టింటివాళ్ళిచ్చిన సొమ్ముతో కొన్నానని చిన్నకోడలు ఏడ్చింది. గంగాళం అంచున నా పేరే చెక్కి ఉందని పెద్దకోడలు చూపించింది. రాజు మీసం దువ్వి, "పేరెవరిదో వస్తువు వారిదే!" అని తీర్పిచ్చాడు. ఆ తీర్పు ఆయనకు ఎంత నచ్చిందంటే, రాజ్యమంతా శాసనంగా చాటింపు వేయించాడు. అప్పటినుంచి మేరుపురంలో పేరు చెక్కించని చెంబు లేదు.

ఊరేగింపు మొదలైంది. ఇద్దరు భటులు చెరోపక్కా పట్టుకుంటే రాజు బండెక్కాడు. తొక్కాడు. భటులు చేతులు వదిలారు. అంత భారీ మనిషీ ఆ సన్నటి చక్రాల మీద ఈకలా తేలిపోయాడు. చెవుల్లో గాలి, కింద నీళ్ళలా జారిపోయే బాట. ఆయనకు చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో ఉయ్యాలలూగినప్పటి సంతోషం కలిగింది. ఆ కాసేపు తాను రాజునన్న సంగతే మర్చిపోయాడు.

మలుపు తిరగ్గానే మళ్ళీ గుర్తొచ్చింది. ముందు నడిచే వందిమాగధులు గొంతెత్తి అరుస్తున్నారు. "జయ జయ! మార్తాండ మహాప్రభువులు వేంచేస్తున్నారు! దారి! దారి!"

బాటకు రెండు పక్కలా ఉన్న జనం "మార్తాండులవారికి జై!" అన్నారు. ముత్తయిదువలు బండి ఆపి గొట్టం మీద బంగారు అక్షరాలకు కుంకుమ పెట్టి, బండికి హారతిచ్చి వెళ్ళిపోయారు. రాజుగారి నుదురు ఉత్తిదే మిగిలింది. చూపు సరిగా ఆనని ముసలమ్మ ఒకతె కోడలిని గిల్లింది.

"మార్తాండులవారి బండి తొక్కే ఆ లావుపాటాయన ఎవరే?"

"ఎవరో జీతగాడులే అత్తా."

"పాపం, బాగా తొక్కుతున్నాడు" అంది ముసలమ్మ.

రాజు బండిని వెనక్కి తిప్పి కోటకు వచ్చిపడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది.

"విస్సన్నా! మా బిరుదులేమయ్యాయిరా?"

"భద్రంగా ఉన్నాయి ప్రభూ, మూటగట్టి పక్కన పెట్టాను."

"మా ఊరేగింపులో ఎవడికో జేజేలా?"

"చిత్తం. పేరెవరిదో వస్తువు వారిదేనని తమరి శాసనం. గొట్టం మీద పేరు మార్తాండది. కనక బండి మార్తాండది, బండికి జరిగే ఊరేగింపూ మార్తాండదే. తమరు దయగలవారు కనక వారి బండిని వారికి కాస్త తొక్కిపెట్టారు."

సభలో ఎవరో దగ్గు నటించారు.

"మా సొమ్ముతో కొంటే మాది కాదా?" రాజు గర్జించాడు.

"చిన్నకోడలూ అదే మొత్తుకుంది ప్రభూ. తమరు ఒప్పుకోలేదు. అరువు బండి మీద పరువు నిలవదు."

రాజు కాసేపు అటూ ఇటూ తిరిగి, "అయితే ఆ పేరు చెరిపేసి మా పేరు చెక్కండి!" అన్నాడు.

వర్తకుడు పరిగెత్తుకొచ్చి బండికి అడ్డంగా నిలబడ్డాడు. "మహాప్రభో, అంతపని చేయించకండి! ఆ పేరున్నంతవరకే మా పూచీ. గొట్టం విరిగినా చక్రం వంగినా మా కొట్టుకు తెస్తే బాగుచేసిస్తాం. పేరు చెరిపి ఉలి తగిలిస్తే ఇక మాకూ దానికీ సంబంధం లేదు. పేరున్నవాడిదే పూచీ ప్రభూ, అది వర్తక ధర్మం."

వర్తకుడు న్యాయమైన మాటే అన్నాడు. రాజుకు మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. ఆయన చూపు అటూ ఇటూ తిరిగి గోడవార ఉన్న ఓబన్న బండి మీద ఆగింది.

విస్సన్న ఆ బోసి గొట్టాన్ని ఉత్తరీయంతో తుడిచాడు. "దీని మీద ఎవరి పేరూ లేదు ప్రభూ. లోటనుకున్నాం. తమ పేరు కోసం చోటు అట్టేపెట్టుకుందని ఎవరికి తోచింది?"

రాజు మొహం విప్పారింది. "చెక్కించండి! మంత్రసానులకిచ్చే ప్రతి బండి మీదా మా పేరు చెక్కించండి! బిరుదులన్నిటితోను!"

పేర్లు చెక్కేవాడు ఉలి, చిన్న సుత్తి తెచ్చుకుని గొట్టం ముందు కూర్చున్నాడు. కొలత చూసి తల గోక్కున్నాడు. "సన్న గొట్టం ప్రభూ. బిరుదులు పట్టవు. ఉత్త పేరైతే పడుతుంది."

రాజు నిట్టూర్చి సరేనన్నాడు. సుత్తి దెబ్బలు టకటకా పడ్డాయి. కాసేపటికి గొట్టం మీద "గజకేతు" అన్న అక్షరాలు తళతళలాడాయి.

అప్పుడు విస్సన్న గొంతు సవరించుకున్నాడు. "ఒక్క సందేహం ప్రభూ. మార్తాండ పేరున్న బండికి మార్తాండ పూచీ. మరి గజకేతు పేరున్న బండి కొండ మీద విరిగితే ఎవరి కొట్టుకు తేవాలి?"

రాజు గిరుక్కున తిరిగాడు. "అంటే రాజ్యంలో ఏ మంత్రసాని చక్రంలో గాలి పోయినా..."

"తమ గుమ్మానికే వస్తుంది."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. నోరు తెరిచాడు. ఆ నోట ఏం వచ్చేదో ఎవరికీ తెలియదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే కొండపల్లె మనిషి ఒకడు రొప్పుతూ సభలోకి వచ్చిపడ్డాడు.

"గంగులమ్మా! మా ఆడదానికి నొప్పులు! బిడ్డ అడ్డం తిరిగినాదంటన్నారు!"

గంగులు ఎవరి అనుమతీ అడగలేదు, రాజు ఎక్కి చూడలేదనీ ఆగలేదు. చీర కాసెపోసి బిగించి, మూట వీపుకు కట్టుకుని, ఇనప రజనైనా దులపని ఆ బండెక్కి కోటగుమ్మం దాటిపోయింది.

రాజు ఆమె వెనకే బయటికొచ్చి కోటగోడ ఎక్కాడు. సభంతా ఎక్కింది. గంగులు కొండబాట అందుకుంది. ఎగుడు దగ్గర బండి మీదే లేచి నిలబడి తొక్కింది. ఒక మలుపులో మాయమైంది, ఇంకా పైన ఇంకో మలుపులో కనిపించింది. చూసినవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడిచింది.

"నిలబెడితే పడిపోయే వస్తువు కదా" అన్నాడు రాజు. "వెళుతుంటే ఎందుకు పడదు విస్సన్నా?"

"నాకూ తెలియదు ప్రభూ" అన్నాడు విస్సన్న. అతని కళ్ళు కూడా కొండ మీదే ఉన్నాయి.

దీపాలు పెట్టే వేళకు ఆ పల్లె మనిషే మళ్ళీ వచ్చాడు. ఏడుస్తూ నవ్వుతూ రాజు కాళ్ళ మీద పడ్డాడు. తల్లీ బిడ్డా క్షేమం. గంగులు ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదట.

"మారాజా, తమరి పేరు ఇనడమే గానీ మా కొండ మీద ఎన్నడూ సూళ్ళేదు. ఇయ్యాల వొచ్చినాది."

"ఏం వచ్చింది?"

"తమరి పేరే. గొట్టం మీద. గంగులమ్మ లోపలుంటే మేం బయట కూకుని దాన్నే సూస్తా ఉన్నాం. సదువొచ్చినోడి చేత సదివించుకున్నాం. మా అమ్మయితే దానికి మొక్కినాది."

రాజు కొండవైపు చూశాడు. ఏలుబడికి వచ్చినప్పటినుంచీ ఆయన ఆ కొండ ఎక్కింది లేదు.

"బిరుదొక్కటైనా లేకుండా మా పేరు అంత పైకి ఎలా ఎక్కిందిరా?"

"లేవు గనకనే ఎక్కింది ప్రభూ" అన్నాడు విస్సన్న. "బరువు తక్కువ."

రాజు పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మెడలోని పచ్చల హారం తీసి విస్సన్న మెడలో వేశాడు. "మా గుమ్మానికే తెమ్మనండి, గాలి మేమే కొట్టిస్తాం. నీకింకేం కావాలో కోరుకో."

విస్సన్న తల వంచుకుని, కాలి బొటనవేలితో నేల రాశాడు. "వర్తకుడు రేపు పట్నం వెళ్ళిపోతున్నాడు ప్రభూ. ఈలోగా ఆ మార్తాండను ఒక్కసారి తొక్కి చూస్తాను."

"అరువు బండి మీద పరువు నిలవదన్నావు కదరా?"

"పరువుకోసం కాదు ప్రభూ. మనసుపడ్డాను."

వర్తకుడు నవ్వుతూ బండి తెచ్చి అందించాడు. తీరా చూస్తే విస్సన్నకు తొక్కడం రాదు. భటులు ముందుకొస్తే రాజు వద్దని, తానే పంచె ఎగ్గట్టి సీటు వెనక పట్టుకున్నాడు. ఖాళీ బాట మీద మహారాజు ఆయాసపడుతూ, నవ్వుతూ బండి వెంట పరిగెత్తాడు. "వదలకండి ప్రభూ, వదలకండి!" అని విస్సన్న కేకలు పెడుతూనే ఉన్నాడు.

"పట్టుకునే ఉన్నారా?" అని మళ్ళీ అరిచాడు.

జవాబు చాలా వెనకనుంచి వచ్చింది.

"ఎప్పుడో వదిలేశాన్రా!"

బండి పడలేదు.