ఇంజను మూతకు కొత్త మెత్త

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఊళ్లో నది మీద వంతెనలే గాని రేవులు లేవు. అందుకే ఈ కథ మీ చెవిన పడలేదు. మా వైపు లంకల్లో పుట్టినవాళ్ళందరికీ ఇది తెలుసు. విన్నది విన్నట్టు చెబుతాను. ఇందులో వచ్చే పడవ ఇంజను ఏ కంపెనీదో మాత్రం నాకు తెలియదు, తెలియనిది చెప్పను.

గోదావరి మధ్య ఒక లంకలో అచ్చియ్యమ్మగారని ఒక పెద్దావిడ ఉండేవారు. సాయంత్రం పూట తన వాకిట్లో తత్వాలు పాడి అర్థం చెప్పేవారు. ఎవరు ఏమి అడిగినా వెంటనే బదులివ్వకపోవడం ఆవిడ అలవాటు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు. పని ముగిసేసరికి ప్రశ్న సగం అరిగిపోయేది.

ఆవిడ శిష్యుల్లో లోవరాజు ఒకడు. లంకకూ అవతలి గట్టుకూ మధ్య ఇంజను పడవ నడిపేవాడు. మనసు వెన్న, గొంతు మాత్రం పిడుగు. ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆగి అడిగాడు.

"అమ్మగారూ, మా పావనిని నేనెప్పుడూ కొట్టలేదండి. తిట్టనైనా తిట్టలేదు. అయినా నేను గుమ్మంలో అడుగు పెడితే చాలు, వాళ్ళమ్మ వెనక్కి పోయి దాక్కుంటుందండి. నా ఒళ్ళో కూర్చోదు. నేను చేసిన పాపమేంటండీ?"

పావని ఇంకా బడికి వెళ్ళని పిల్ల. అతనికి ఒక్కతే సంతానం. బాధగా అడిగినా సరే, ఆ గొంతుకు పక్కింటి గేదె బెదిరి కట్టుకొయ్య చుట్టూ తిరిగింది.

అచ్చియ్యమ్మగారు చెవిలో వేలు పెట్టి ఆడించుకున్నారు. "ముందు నీ ఇంజను మూత సంగతి చూడు నాయనా. నీ పడవ ఎక్కి దిగితే రోజంతా నా చెవుల్లో అదే మోత."

ఆ మాట నిజమే. మోత బయటికి రాకుండా చెక్క మూత లోపల అతికించిన స్పాంజి ఏనాడో చివికిపోయింది. నూనె పీల్చి, వేడికి మాడి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలేది. ఆ పనికీ తన బాధకూ సంబంధమేమిటో లోవరాజుకు తోచలేదు. అయినా గురువు మాట. పడవను రేవులో కట్టేసి, మూత ఊడదీసి ఇసుకలో వెల్లకిలా పెట్టాడు. పాత స్పాంజి గీకేసి, వదలని జిగురును కిరసనాయిలుతో తుడిచి, ఎండకు ఆరబెట్టాడు. పట్నం నుంచి తొందరగా నిప్పంటని మందపాటి స్పాంజి తెప్పించాడు. పాత పంచె పరిచి కొలత తీసి, ముక్కలు కోసి, ఇంజనుకు గాలి అందే కంతలు మూసుకుపోకుండా చూసుకుంటూ అతికించాడు. బాగా పట్టాక మూత బిగించాడు.

మర్నాడు సంత. మొదటి ట్రిప్పుకే పడవ నిండింది. అచ్చియ్యమ్మగారు ఎక్కారు. లోవరాజు భార్య నూకరత్నం కూడా పావనిని చంకనేసుకుని వచ్చింది. ఇంజను అందుకుంది. ఇదివరకు బండలు దొర్లించినట్టుండే చప్పుడు, ఇప్పుడు గాదె కింద పిల్లి గుర్రుమన్నట్టుంది.

అయితే ఆ పడవలో ఏళ్ళ తరబడి ఒక పద్ధతి ఉండేది. ఎవరితో ఏం చెప్పాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి గొంతు చించుకోవాలి. రహస్యాలు చెప్పుకోవడమూ అలాగే. ఆ మోతలో మూడోవాడికి వినపడేది కాదు గనుక, ఇంట్లో అనుకోలేని అత్తింటి తగవులన్నీ ఆ పడవలో నిశ్చింతగా అరుచుకునేవారు.

ఆ పొద్దున సీతాయమ్మ అలవాటు కొద్దీ పక్కావిడ చెవిలో కేక పెట్టింది. "మా వియ్యపురాలి గారెలు తిన్నావా అక్కా? అవి గారెలు కావు, లంగరు రాళ్ళు!"

పడవంతా విన్నది. ముందు బల్ల మీద కూర్చున్న వియ్యపురాలూ విన్నది. ఆవిడ నింపాదిగా వెనక్కి తిరిగింది.

"అందుకేనా వదినా, వెళ్ళేటప్పుడు కొంగున మూట కట్టుకుపోయావు? పడవ కొట్టుకుపోకుండానా?"

అందరికంటే ముందు సీతాయమ్మే పకపకా నవ్వింది. ఇక ఎవరూ ఆగలేదు. నవ్వులకు పడవ ఊగిపోతుంటే లోవరాజు కంగారుపడి, ఎప్పటిలాగే కేకేశాడు. "కదలకండీ! కూర్చోండీ!"

ఇసుక తిన్నె మీది కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. నవ్వులు ఆగిపోయాయి. పావని తల్లి కొంగులో తల దూర్చేసింది.

"ఎవర్ని తిడుతున్నావయ్యా?" అంది సీతాయమ్మ.

"తిట్టలేదండి, చెప్పానండి..." అంటూ సగంలో ఆగిపోయాడు. ఇన్నేళ్ళూ చెవుల్లో నిండిన మోతకు, ఇంటి దగ్గర కూడా తన మాట తనకు చిన్నగానే వినపడేది. ఆ గొంతు ఇలా ఉంటుందని లోవరాజుకు అంతవరకూ తెలియదు.

తరువాత గొంతులో ఎక్కడో అడుగున ఉన్నదాన్ని వెతికి తీసినట్టు, మెల్లగా అన్నాడు. "పావనీ, చుక్కాని పడతావా అమ్మా?"

పిల్ల తలెత్తి, పిలిచిందెవరా అని పడవంతా వెతికింది. చివరికి అతని వైపు చూసింది.

"నువ్వేనా నాన్నా?"

"నేనేనమ్మా."

పావని అందరి మోకాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ వచ్చి, అతని ఒళ్ళోకెక్కి, రెండు చేతులా చుక్కాని పట్టుకుంది. పడవ కాస్త వంకరటింకరగా పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అనాలన్నా, ఆ పడవలో మెల్లగా మాట్లాడటం ఇంకా ఎవరికీ చేతకాదు.

అవతలి రేవులో అందరూ దిగాక లోవరాజు సంబరంగా అన్నాడు. "చూశారా అమ్మగారూ! ఇన్నాళ్ళూ నా బిడ్డను నాకు దూరం చేసింది ఈ ఇంజనేనండి!"

అచ్చియ్యమ్మగారు కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగుతూ నవ్వారు. "ఇంజను రోజూ రేవులోనే పడుకునేది కదా నాయనా. దాని మోతను ఇంటికి మోసుకెళ్ళిందెవరు?"

పిల్లలూ, ఈ కథను మీ దగ్గరే ఉంచేసుకోకండి. మీ తరువాతివాళ్ళకు చెప్పండి. దూరం నుంచి కాదు, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి.