మైలయ్య గీసిన సున్నాలు

గానుగ దొడ్డిలో ఏ తగవొచ్చినా తీర్పు ఎద్దు మైలయ్యదే. రోజంతా గానుగ చుట్టూ తిరిగే జీవి కదా, ఏ మాటనైనా మనసులో రెండు చుట్లు తిప్పితే గాని తల ఊపడు. దాన్ని మందబుద్ధి అని నవ్వేవాళ్లూ లేకపోలేదు.

ఒకనాటి పొద్దున బాతు పైడమ్మ లబోదిబోమంటూ వచ్చింది. "నా గుడ్లు నాలుగూ పోయాయి మావా!"

ఆ ఏడుపు చెరకుతోట దాకా వినబడిందేమో, నక్క సింగన్న పిలవకుండానే కంచె అవతల ప్రత్యక్షమయ్యాడు.

"పొరుగువాణ్ణి, ఒక్క మాట. గుడ్ల దొంగలంతా చప్పుడు చెయ్యకుండా నడుస్తారు, అవునా?"

"అవును," అన్నాయి మేకలు.

"మీ కాపలా కుక్క బూడిదోడూ చప్పుడు చెయ్యకుండానే నడుస్తాడు, అవునా?"

"అవునవును."

"ఇంకేం? వాడే దొంగ. తరిమెయ్యండి!"

మేకలు కొమ్ములు దించాయి. బూడిదోడు మైలయ్య కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. "నేను కాదు మావా."

ఎనిమిదేళ్లు దొడ్డి కాసిన కుక్క! నక్క చెప్పిన మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది మాత్రం మైలయ్యకి నమ్మబుద్ధి కాలేదు. ఆలోచిస్తూ డెక్కతో దుమ్ములో పెద్ద సున్నా గీశాడు.

"చప్పుడు లేకుండా నడిచేవాళ్లంతా ఇందులో ఉన్నారనుకోండి." దాని లోపలే చిన్న సున్నా గీశాడు. "దొంగలు ఇందులో. మరి బూడిదోణ్ణి ఎక్కడ నిలబెడదాం?"

"పెద్దదాంట్లో," అంది ముసలి మేక.

"పెద్దదాంట్లో సరే. చిన్నదాని లోపలా, బయటా?"

మేకలు వంగి రెండు సున్నాలూ చూశాయి. "చెప్పలేం మావా."

"కదా? పెద్దదాంట్లో పిల్లీ ఉంది. నక్కా ఉన్నాడు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు సింగన్న ఎగిరిపడ్డాడు. "సున్నాలు గీస్తే దొంగ దొరుకుతాడా? తెలకపిండి బస్తాల వెనక గుడ్ల పెంకుల్లో చూసుకో, కుక్క బొచ్చే ఉంటుంది!"

పైడమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. "గుడ్లు బస్తాల వెనక పెట్టానని నేనెవరికీ చెప్పలేదే!"

మైలయ్య ఈసారి దుమ్ము గీకలేదు.

"ఆ చోటు పైడమ్మకీ దొంగకీ తప్ప ఎవరికీ తెలీదు. సింగన్నకి తెలుసు. పట్టుకోరా బూడిదోడా!"

కుక్క ఒక్క గెంతులో కంచె దాటాడు. నక్క ప్రాణాలు దక్కించుకుని చెరకులో పడ్డాడు గాని, తోక కుచ్చు మాత్రం దక్కలేదు.

పోలిక దొరికినంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు.